డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితము - విద్యాలయముల బాధ్యత

ఇంటర్మీడియెట్‌లో వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము పఠించే విద్యార్థిని నీవు ఏమి కాదలచినావని అడిగితే, సాధారణంగా డాక్టరునని జవాబు వస్తుంది. ప్రవేశ పరీక్షలో తగిన ర్యాంకు రానినాడు అదే విద్యార్థి తన చదువు వ్యర్థమైనదని కుమిలిపోతాడు. ఇంటివారు కూడ అదే విధముగా భావిస్తారు. జీవశాస్త్రమనగా వైద్యవృత్తి ఒక్కటేననే ఈ అభిప్రాయము విద్యార్థులకు తమంత తాముగా కలిగినది కాదు. పాఠశాల నాటి నుండి పెద్దలమైన మనము వారికి చూపించిన దారి అది ఒక్కటే.

ఈ విషయమును గురించి కేవలము సలహాలు చెప్పుటకంటె, ఒక మహనీయుని జీవితమును విద్యార్థుల ముందు ఉంచుట మేలని మేము తలచినాము. ఆయన మన తెలుగువాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో పలుమార్లు తప్పినవాడు. వైద్య కళాశాలలో చదివియు పూర్తి పట్టము పొందలేకపోయినవాడు. అయినను ఆయన పరిశోధనల ఫలితముగా వెలువడిన ఔషధములు నేటికిని ప్రపంచమంతట కోట్లాది ప్రజలకు ఉపకరిస్తున్నవి. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు బోధించే మాకు విజ్ఞానశాస్త్ర విషయములతో పని ఏమని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఒక మనిషి ఎట్లు చదివినాడు, ఆ చదువులో ఎవరు అతనికి తోడ్పడినారు, ఎవరు అడ్డుపడినారు అనునది ఏ భాషవారికైనను, ఏ శాఖవారికైనను విచారింపదగిన విషయమే.

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరములో జన్మించినారు. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవారు. కుటుంబములో ధనము తక్కువ, రోగములు ఎక్కువ. దగ్గరివారి అకాల మరణములు ఆ బాలుని చదువును పలుమార్లు కుంటుపరచినవి. పదమూడేండ్ల వయసులో ఆయనకు బడి మీద కంటె సంపాదన మీద మనసు పోయినది. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెనుకకు తీసుకొని వచ్చి మరల రాజమహేంద్రవరములో బడికి పంపినారు.

బడికి వెళ్లినంత మాత్రమున చదువు అబ్బలేదు. మెట్రిక్యులేషన్‌లో ఆయన రెండుసార్లు తప్పినారు. చివరకు మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నములో ఉత్తీర్ణులైనారు. నేటి విద్యార్థులు ఈ ఒక్క సంగతిని శ్రద్ధగా గమనించవలెను. రెండు పర్యాయములు తప్పిన బాలుని మూడవ పర్యాయము చేర్చుకొన్న పాఠశాల ఒకటి ఉండబట్టి, వదలక చదివించిన తల్లి ఒకతె ఉండబట్టి, ఆ తరువాతి కథ సాధ్యమైనది. తప్పినవానిని తక్షణమే వదిలివేసే విద్యాలయము తాను ఎవరిని పోగొట్టుకొన్నదో ఎన్నటికిని తెలుసుకొనజాలదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించిన తరువాత ఆయన మనసు సన్యాసము వైపు మళ్లినది. రామకృష్ణ మఠములో చేరి సేవ చేయవలెనని ఆశించినారు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యము నేర్చినచో రోగులకు సేవ చేయవచ్చునను ఆలోచనతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించినారు. ఆ చదువుకు మిత్రులు, పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయము చేసినారు. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో ఆయన వివాహము జరిగినది.

అవి స్వాతంత్ర్యోద్యమము ఉధృతముగా సాగుతున్న దినములు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రములను విడిచి ఖద్దరు ధరించినారు. శస్త్రచికిత్స తరగతిలో కూడ ఖద్దరు అంగీతోనే నిలిచినారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు ఇది ఆగ్రహము కలిగించినది. సుబ్బారావు వ్రాత పరీక్షలలో చక్కగా వ్రాసినప్పటికిని ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అను యోగ్యతా పత్రముతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. ఉపాధ్యాయుల చేతిలో ఎంత అధికారము ఉన్నదో, ఆ అధికారము పక్షపాతముతో కూడినచో విద్యార్థి జీవితము ఎంత దూరము దెబ్బతినునో ఈ ఘట్టము తెలుపుతున్నది. ఈ తక్కువ పట్టము ఆయనను మద్రాసులోను, ఆ తరువాత అమెరికాలోను చాలకాలము వెంటాడినది.

మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగము కొరకు చేసిన ప్రయత్నము ఫలించలేదు. ఇదే కాలములో ఆ కుటుంబము మీద మరియొక పిడుగు పడినది. ఉష్ణదేశములలో కనిపించే స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది దినముల వ్యవధిలో బలిగొన్నది. తిన్న ఆహారము ఒంటికి పట్టక, విరేచనములతో మనిషి క్షీణించి, రక్తహీనతతో మరణించే జబ్బు అది. సుబ్బారావును కూడ ఆ జబ్బు పట్టుకొన్నది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడినారు. పిదప లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రము బోధించే ఉపన్యాసకులుగా చేరినారు.

తాను చదివిన పాశ్చాత్య వైద్యము నయము చేయలేని జబ్బును ఆకులు, వేళ్లు ఎట్లు నయము చేసినవని ఆయన ఆలోచించినారు. ఆ మందులలో పనిచేసే పదార్థమేదో వేరు చేసి చూడవలెనని కుతూహలము పుట్టినది. కాని అందుకు తగిన ప్రయోగశాల ఆయనకు అక్కడ లేదు. పర్యటనపై వచ్చిన ఒక అమెరికను వైద్యుని వలన ఆ దేశపు పరిశోధనాలయముల సంగతి తెలిసినది. వెళ్లుటకు ధనము కావలెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి వారు సహాయము చేయుటకు అంగీకరించినారు. మిగిలినది మామగారు సమకూర్చినారు. ఒక ధర్మనిధి పాలకులు ఒకనాడు సమావేశమై, పరీక్షలు తప్పిన, తక్కువ పట్టము గల, ఉద్యోగము స్థిరము కాని ఒక యువకునికి తోడ్పడవలెనని నిర్ణయించినారు. దాని ఫలము ఎంతటిదో ఆనాడు వారికి తెలిసియుండదు. మన కళాశాల పాలకవర్గమువారు ఉపకార వేతనముల దరఖాస్తులను పరిశీలించేటప్పుడు మార్కుల పట్టికతోబాటు ఈ ఉదంతమును కూడ జ్ఞాపకము ఉంచుకొనవలెనని మా మనవి.

1923 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ నగరము చేరినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయములోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరి మరుసటి సంవత్సరము డిప్లొమా పొందినారు. ఎల్.ఎం.ఎస్. పట్టమునకు అక్కడ విలువ లేనందున వైద్యునిగా పని దొరకలేదు. పొట్ట గడుచుటకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరినారు. ఆ పనిని ఆయన చిన్నతనముగా తలచలేదు. ఇదిట్లుండగా స్వదేశములో పుట్టిన కుమారుడు పసితనములోనే మరణించినాడను వార్త వచ్చినది. తిరిగి వచ్చుటకు ధనము లేదు, చేపట్టిన పని ముగియలేదు. ఆ తరువాత ఆయన భారతదేశమునకు రానేలేదు. శేషగిరమ్మగారు జీవితమంతయు ఎదురు చూచుటలోనే గడపినారు. ఆయన విజయములను లెక్కించేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యమును విస్మరించుట న్యాయము కాదు.

హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్ర విభాగమునకు అధిపతి ఓటో ఫోలిన్. ఆ విభాగములో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు పనిచేసినారు. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలుచుటకు సులభమైన పద్ధతి అప్పటికి లేదు. వీరిరువురు 1925లో ఒక పద్ధతిని ప్రకటించినారు. ద్రవములోని ఫాస్ఫేటు ఆమ్ల సమక్షమున మాలిబ్డేటుతో కలిసిన పిమ్మట, మరియొక రసాయనము చేర్చగా నీలిరంగు పుడుతుంది. భాస్వరము ఎంత అధికమో నీలిమ అంత గాఢము. తెలిసిన ద్రావణపు రంగుతో దీనిని పోల్చి పరిమాణము కనుగొంటారు. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అను పేరుతో ఇది ప్రపంచమందలి జీవరసాయన ప్రయోగశాలలన్నింటికి పాకినది. జీవరసాయన విద్యార్థులు నేటికిని దీనిని నేర్చుకొంటున్నారు.

ఈ పద్ధతి నుండియే తరువాతి ఆవిష్కరణ పుట్టినది. కండరముల నుండి తీసిన సారములో భాస్వరమును కొలిచేటప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా గాఢమగుచుండుట వారు గమనించినారు. రసాయనములలో ఏదో దోషమున్నదని ఆ పరీక్షను పారవేసి ఉండవచ్చును. వారు అట్లు చేయలేదు. ఆమ్లములో మెల్లగా విడిపోయే భాస్వర సమ్మేళనము ఏదో కండరములో ఉన్నదని తర్కించి వెతుకగా ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. 1927లో దీనిని ప్రకటించినారు. కండరము పనిచేయుటకు లాక్టిక్ ఆమ్లము ఏర్పడుటయే కారణమని అప్పటి పండితుల నమ్మకము. కండరములపై పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించియున్నది. కొత్త సమ్మేళనము వెలువడుటతో ఆ నమ్మకము సడలినది. 1929లో వీరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి.ని ప్రకటించినారు. అదే సంవత్సరము జర్మనీలో లోమాన్ కూడ దీనిని స్వతంత్రముగా కనుగొన్నాడు. జీవకణములలో శక్తి ఈ రూపముననే చేతులు మారుతుందని నేడు పాఠశాల పుస్తకములలో సైతము చదువుతున్నాము.

మన ప్రయోగశాలలలో ఏమి జరుగుతున్నదో ఇచ్చట ఆలోచింపక తప్పదు. ఆశించిన రంగు రాకపోతే విద్యార్థి పక్కవాని పుస్తకము చూచి సరియైన అంకె వేసుకొంటాడు. పాత విద్యార్థుల రికార్డులు చేతులు మారుతుంటవి. పరీక్షాధికారికి కూడ కావలసినది సరియైన అంకెయే. రంగు ఆలస్యముగా ఎందుకు వచ్చినదని అడిగే విద్యార్థికి మార్కులు పెరగవు, సమయము మాత్రము పోతుంది. జీవశాస్త్రములలో బ్రతుకుతెరువు చూచుకొనదలచినవానికి కావలసిన మొదటి గుణము ఆ ప్రశ్న అడుగుటయే. అది పాఠ్యపుస్తకము ఇవ్వగలిగినది కాదు. ప్రయోగశాలలో నిలబడి, చూచినది చూచినట్లు వ్రాయుట వలన మాత్రమే అలవడేది.

1930లో సుబ్బారావు హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టము పొందినారు. అయినను ఆ విశ్వవిద్యాలయము ఆయనకు స్థిరమైన అధ్యాపక పదవి ఇవ్వలేదు. చేసిన పనిలో కొంత భాగము సకాలములో వెలుగు చూడలేదు. ఆ కాలమున అదే విభాగములో విద్యార్థిగా పనిచేసిన జార్జి హిచింగ్స్ ఔషధ పరిశోధనకు 1988లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. సుబ్బారావుకు ఆ గౌరవము దక్కలేదు. 1940లో ఆయన విశ్వవిద్యాలయము విడిచి న్యూయార్క్ రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరినారు. కొద్దికాలములోనే అక్కడి పరిశోధనలకు అధిపతియైనారు. కళాశాల అధ్యాపకత్వము, ఆసుపత్రి వైద్యము అను రెండు దారులును మూసుకొనిపోయినప్పుడు మూడవ దారియైన పరిశ్రమలో ఆయన ప్రతిభ పూర్తిగా వికసించినది.

అక్కడ ఆయన నాయకత్వమున జరిగిన పనులలో నాలుగింటిని పేర్కొంటాము. మొదటిది ఫోలిక్ ఆమ్లము. కాలేయము తినిపించుట వలన ఒక రకపు రక్తహీనత తగ్గుతుందని 1926లో మైనాట్, మర్ఫీలు నిరూపించియున్నారు. ఆ తరువాత బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారము పనిచేస్తున్నదని కనుగొన్నారు. ఆ గుణము గల పదార్థమును శుద్ధముగా వేరు చేసి, 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన ఘనత సుబ్బారావు బృందమునకు దక్కినది. ఆకు అని అర్థము వచ్చే లాటిన్ పదము నుండి దీని పేరు పుట్టినది. ఆయన మొదట వెతికినది ప్రాణాంతక రక్తహీనతను పూర్తిగా కుదిర్చే పదార్థము. అది విటమిన్ బి-12 అని 1948లో ఇతరుల పరిశోధనలో తేలినది. ఆ వెతుకులాటలో దొరికిన ఫోలిక్ ఆమ్లము మాత్రము ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి చక్కగా పనిచేసినది. నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఇదియే.

రెండవది రక్త కాన్సరు మందు. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించే సమ్మేళనములను ఆయన బృందము తయారు చేసినది. బోస్టన్‌లో పిల్లల వ్యాధిశాస్త్ర నిపుణుడైన సిడ్నీ ఫార్బర్ వానిలో అమినోప్టెరిన్ అనుదానిని రక్త కాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గినది. ఈ ఫలితమును 1948 జూన్‌లో ప్రకటించినారు. అంతకుముందు ఆ జబ్బుకు మందు అనునదే లేదు. అదే కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని కాన్సరుకు, కీళ్లవాతమునకు వాడుకలో ఉన్నది.

మూడవది బోదకాలు మందు. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ ద్వీపములకు వెళ్లిన అమెరికను సైనికులకు ఈ వ్యాధి సోకినది. 1947లో లెడర్లీ సంస్థ హెట్రజాన్ అను పేరుతో డైఇథైల్ కార్బమజీన్ మందును వెలువరించినది. గోదావరి మండలమునకు బోదకాలు కొత్త కాదు. ఆ మండలములో పుట్టినవాని నాయకత్వమున తయారైన మందునే మన ప్రభుత్వము బోదకాలు నిర్మూలన కార్యక్రమములో ఇంటింటికి పంచినది.

నాలుగవది ఆరియోమైసిన్. డెబ్బది యేండ్లు దాటి, విశ్వవిద్యాలయము నుండి పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్ ఈ సంస్థలో చేరి, మట్టిలోని సూక్ష్మజీవుల నుండి ఈ మందును కనుగొన్నారు. 1948లో లోకమునకు వెల్లడియైన ఈ మందే టెట్రాసైక్లిన్ వర్గమునకు ఆదిమూలము. 1994లో సూరత్ నగరములో ప్లేగు భయము వ్యాపించినప్పుడు ప్రజలు ఆశ్రయించినది ఈ వర్గపు మందులనే. వృక్షశాస్త్రము చదివినవానికి భవిష్యత్తు ఏమున్నదని నిరుత్సాహపడే విద్యార్థి డగ్గరు పేరును గుర్తుంచుకొనవలెను.

1948 ఆగస్టులో, ఒక రాత్రి నిద్రలోనే, గుండె ఆగి సుబ్బారావు మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. పత్రికల వెలుగునకు ఆయన ఎల్లప్పుడు దూరముగా ఉండి, తోటివారిని ముందు నిలిపేవారు. ఆ కారణమున స్వదేశములో సైతము చాలకాలము ఆయన పేరు అల్పసంఖ్యాకులకే తెలిసినది. 1953లో ఒక శిలీంధ్రమునకు ఆయన పేరు కలిపి సుబ్బారోమైసెస్ అని నామకరణము చేసినారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము తపాలా బిళ్ల వెలువరించినది.

ఈ జీవితము నుండి మనము గ్రహించదగినది ఏమి? సుబ్బారావును తీర్చిదిద్దినది ఏ ఒక్క విద్యాలయమును కాదు. ఒక పాఠశాల మూడవ అవకాశము ఇచ్చినది. ఒక వైద్య కళాశాల విద్య నేర్పి పట్టము నిరాకరించినది. ఒక ఆయుర్వేద కళాశాల జీతముతోబాటు కుతూహలమును ఇచ్చినది. ఒక ధర్మనిధి ఓడ ఎక్కించినది. ఒక విశ్వవిద్యాలయము ప్రయోగశాల ఇచ్చి స్థానము ఇవ్వలేదు. వీనిలో మేలు చేసిన వానిని అనుసరించుట, కీడు చేసిన వానిని మనలో నుండి తొలగించుకొనుట మన పని.

నేడు మన రాష్ట్రములో అవకాశములకు కొరత లేదు. 1977లో హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రము ఏర్పడినది. షామీర్‌పేట సమీపమున జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందులు తయారు చేసే సంస్థలు వెలసినవి. వానిలో సూక్ష్మజీవ శాస్త్రము, జీవరసాయన శాస్త్రము, ఔషధ శాస్త్రము, గణాంక శాస్త్రము చదివినవారికి పని ఉన్నది. అయితే మన విద్యార్థులలో చాలమందికి ఆ ఉద్యోగముల పేర్లే తెలియవు. కొలత తప్పకుండ కొలుచుట, చూచినది స్పష్టమైన వాక్యములలో వ్రాయుట అచ్చట మొదటి అర్హతలు. తెలుగులో గాని, ఉర్దూలో గాని తన ప్రయోగమును పది వాక్యములలో వివరించగలవాడు ఆంగ్లములో కూడ దానిని నేర్చుకొనగలడు. ఏ భాషలోను వివరించలేనివానికి కంఠస్థము చేసిన ఆంగ్ల వాక్యములు ఎంతో కాలము అక్కరకు రావు.

కనుక పాలకవర్గమువారికి మేము మూడు విషయములు విన్నవించుకొంటున్నాము. ప్రయోగశాలను పరీక్షల నెలలలోనే గాక సంవత్సరము పొడవునా తెరచి ఉంచవలెను. ఒకటి రెండుసార్లు తప్పిన విద్యార్థులకు సాయంకాలపు తరగతులు నడుపవలెను. పై చదువులకు వెళ్లే పేద విద్యార్థులకు చిన్న మొత్తములతోనైనను ఒక రుణనిధిని ప్రారంభించవలెను. ఇక విద్యార్థినీ విద్యార్థులకు మేము చెప్పవలసినది ఒక్కటే. వైద్య కళాశాలలో సీటు దొరికినవారు సంతోషముగా వెళ్లి మంచి వైద్యులు కండి. దొరకనివారు ఇంటికి పోయి తలుపులు వేసుకొనక, వచ్చే సోమవారము ప్రయోగశాలకు రండి. మీరు చేయవలసిన పని అచ్చట చాల మిగిలియున్నది.